దడ వచ్చినప్పుడు 188, ఆసుపత్రికి వెళ్లేసరికి ఈసీజీ నార్మల్

కుట్టుమిషన్_చీరాల

అందరికీ నమస్కారం. నా వయసు 36. చీరాలలో ఇంటి దగ్గరే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. బీపీ లేదు, షుగరు లేదు. ఇద్దరు పిల్లలు.

కొంతకాలంగా నాకు ఉన్నట్టుండి గుండె దడ వస్తోంది. మెల్లగా పెరిగే దడ కాదు. మిషను కింద పడ్డ బాబిన్ తీద్దామని వంగి లేచానా, లోపల ఎవరో స్విచ్ వేసినట్టు మొదలవుతుంది. పది నిమిషాలు ఉంటుంది, ఒక్కోసారి గంట కూడా. మెడ దగ్గర కొట్టుకోవడం పైకే కనిపిస్తుంది. ఒకసారి మా అమ్మాయి "అమ్మా, నీ గొలుసు ఎగురుతోంది చూడు" అంది. నొప్పి ఉండదు. చేతులు వణుకుతాయి, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. ఆగేటప్పుడు కూడా అంతే, టక్కున ఆగిపోతుంది. ఆగిన తర్వాత మాత్రం గంటసేపు బాత్‌రూముకు తిరగడమే పని. ఈ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కరోనా అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంది. దడ వచ్చినప్పుడు వేలికి పెట్టుకుంటే ఆక్సిజన్ 98, పల్స్ 188. మళ్లీ తీసి పెట్టినా 188.

ఆటో ఎక్కి ఆసుపత్రికి చేరేలోపు ఆగిపోతుంది. అక్కడ ఈసీజీ తీస్తే నార్మల్. గుండె స్కానింగ్ టూడీ ఎకో నార్మల్. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ నెగెటివ్, అంటే అందులోనూ ఏమీ లేదు. థైరాయిడ్ బాగుంది, రక్తం బాగుంది. గుండె కొట్టుకోవడం రాసుకునే హోల్టర్ అని ఒక చిన్న డబ్బా కట్టి 24 గంటలు ఉంచారు. ఆ రోజంతా దడ రానే లేదు, అదీ నార్మలే. చివరికి ఒక డాక్టరుగారు "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని నిద్రమాత్ర, గ్యాస్ మాత్ర రాసిచ్చారు. మా అత్తగారు దిష్టి తీయించారు. మా ఆయన పైకి ఏమీ అనరు కానీ ఆ బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచారు.

టెన్షనే అయితే శ్రావణమాసంలో రాత్రి రెండింటి దాకా కూర్చుని కుట్టేటప్పుడు రావాలి కదా? అప్పుడు రాదు. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పూట వస్తుంది. నాకు ఇంకేం పరీక్ష చేయించుకోవాలో తెలియడం లేదు. ఎవరికైనా ఇలా ఉంటే చెప్పండి.

వైరా_సుబ్బు

చెల్లెమ్మా, భయపడకు. మా నాన్నకూ గుండె లయ తప్పింది. నాడి పట్టుకుంటే ఒక వరస ఉండదు, బీపీ మిషను మీద గుండె గుర్తు మెరుస్తూ ఉంటుంది. ఆయనకు రక్తం పలచన చేసే అసిట్రోమ్ రాశారు, గోంగూర, తోటకూర పూర్తిగా మాన్పించాం. నువ్వు కూడా ముందు జాగ్రత్తగా ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) మొదలుపెట్టి టీ మానెయ్. ఆకుకూరలు కూడా తగ్గించు.

పాత_ఈసీజీ_గుంటూరు

అమ్మా, ముందొక మాట. నేను డాక్టర్ని కాను. గుంటూరు వైపు ఆసుపత్రుల్లో ఈసీజీ టెక్నీషియన్‌గా చేసి, చివరి ఏళ్లు గుండెలోకి సన్నటి గొట్టాలు పంపి పరీక్షలు చేసే క్యాథ్ ల్యాబ్‌లో ఉండి రిటైరయ్యాను. జబ్బు పేరు తేల్చడం నా పని కాదు. కానీ కాగితం మీద ఏముందో, ఏం లేదో చెప్పగలను.

మీ దగ్గరున్న రిపోర్టులన్నీ దడ లేనప్పుడు తీసినవి. దడ లేనప్పుడు మీ గుండె బాగుందని వాటి అర్థం. అంతకుమించి వాటికి ఏమీ తెలియదు. మామూలు ఈసీజీ పట్టుకునేది పది సెకన్లే. హోల్టర్ 24 గంటలు, 48 గంటలు కట్టినా ఆ వ్యవధిలో దడ వస్తేనే దాని వల్ల ఉపయోగం. నెలకొకసారి దడ వచ్చే మనిషికి ఒక్క రోజు హోల్టర్ కట్టి నార్మల్ అని రాసివ్వడం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. డబ్బులు మాత్రం ఖర్చవుతాయి.

ఇక ఆ 188. గుండె తనంతట తాను ఎంత వేగంగా కొట్టుకోగలదో చూడటానికి ఒక మోటు లెక్క ఉంది, 220లోంచి వయసు తీసెయ్యడం. మీకు 184 వస్తుంది. అంటే మెట్లెక్కి పరిగెత్తి ఒగరుస్తున్నప్పుడు రావాల్సిన అంకె మీకు కుర్చీలో కూర్చుని ఉండగా వస్తోంది. భయం వల్ల వచ్చే దడ ఎక్కుతుంది, దిగుతుంది, సర్దుకోవడానికి టైము తీసుకుంటుంది. మీది టక్కున మొదలై, అదే అంకె మీద నిలబడి, టక్కున ఆగుతోంది. దీన్ని టెన్షన్ ఖాతాలో వెయ్యడం నాకు సబబుగా కనిపించదు.

వంగి లేచినప్పుడు మొదలవడం, మెడలో కొట్టుకోవడం, తర్వాత మూత్రం ఎక్కువ రావడం, ఈ మూడూ కలిపి చెబితే ఏ గుండె లయల డాక్టరైనా ముందు ఎస్‌వీటీ, అంటే గుండె పైభాగం నుంచి ఉన్నట్టుండి వచ్చే వేగపు దడ, గురించి ఆలోచిస్తారు. అందులోనూ ఏవీఎన్ఆర్‌టీ అనే రకం. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు ఏవీ నోడ్ అనే చోటు మీదుగా దిగుతుంది. కొందరికి అక్కడ రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నిదానంగా పోయేది. మధ్యలో ఒక అదనపు బీటు పడితే కరెంటు నిదానపు దారిలో దిగి, వేగపు దారిలో పైకెక్కి, అక్కడక్కడే గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. అప్పుడు పై గది, కింది గది ఇంచుమించు ఒకేసారి ముడుచుకుంటాయి. మధ్యలో కవాటం మూసుకుని ఉంటుంది కాబట్టి పై గదిలోని రక్తం వెనక్కి, మెడ సిరల్లోకి ఎగదన్నుతుంది. మీ అమ్మాయి చూసింది అదే. పై గది అలా సాగినప్పుడు విడుదలయ్యే హార్మోను ఒకటి మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. కాబట్టి ఆ బాత్‌రూము సంగతి సిగ్గుపడాల్సింది కాదు, డాక్టరుకు మొదట చెప్పాల్సిన విషయాల్లో ఒకటి.

ఈ రకం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. టెన్షన్ అనిపించుకునేదీ వాళ్లే. 1997లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఎస్‌వీటీ ఉన్నవాళ్లలో సగానికి పైగా మొదట చూపించుకున్నప్పుడు అసలు జబ్బు బయటపడలేదని, చాలామందికి ప్యానిక్ అని పేరు పెట్టారని తేలింది. మన దగ్గర ఎవరైనా లెక్క తీస్తే ఇంతకంటే బాగుంటుందని నేను అనుకోను. మగవాడు ఛాతీ పట్టుకుని వస్తే ముందు ఈసీజీ, ఆడమనిషి వస్తే ముందు "ఇంట్లో ఏమైనా గొడవలా?" అన్న ప్రశ్న. చూసి చూసి విసుగొచ్చింది.

మీకు కావాల్సింది ఇంకో కొత్త పరీక్ష కాదు. దడ నడుస్తుండగా తీసిన పన్నెండు లీడ్ల (గుండెను పన్నెండు వైపుల నుంచి చూసే గీతలు) ఈసీజీ ఒక్కటి. దానికి ఇలా చేయండి.

మీ ఇంటికి ఐదు నిమిషాల దూరంలో ఈసీజీ మిషను ఉన్న నర్సింగ్‌హోమ్ ఏదో చూసుకోండి. పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. దడ లేని రోజున వెళ్లి అక్కడి సిస్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. "నేను దడతో వస్తే ఓపీ చీటీ తర్వాత రాయండి, ముందు ఈసీజీ తీయండి, ఏ ఇంజెక్షనైనా ఆ తర్వాతే" అని చెప్పండి. దడ మొదలవగానే ఆటోకు ఫోన్ చేయండి. మీరు బండి నడపొద్దు. ఈసీజీలో ఒక్క లీడు కాకుండా పన్నెండూ రావాలి, అడుగున పొడుగు స్ట్రిప్పు కూడా రావాలి.

వచ్చిన కాగితాన్ని వెంటనే ఫోన్లో ఫొటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి. ఈసీజీ కాగితం వేడికి ముద్ర పడే కాగితం, కొన్నాళ్లకు గీత వెలిసిపోతుంది. పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయించేవాళ్లను చూశాను. వేడికి మొత్తం నల్లబడిపోతుంది, ఇక ఏ డాక్టరూ దాన్ని చదవలేరు. మీ పాత నార్మల్ ఈసీజీని మాత్రం పారేయొద్దు, పక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి. ఏవీఎన్ఆర్‌టీలో చాలాసార్లు వీ1 లీడులో చివర ఒక చిన్న మొన కనిపిస్తుంది, నార్మల్ కాగితంలో అది ఉండదు. ఒక్క కాగితమే చూస్తే ఎవరి కంటికైనా తప్పిపోవచ్చు.

ఆ నార్మల్ ఈసీజీలోనే డెల్టా వేవ్ అనే, బీటు మొదట్లో వాలుగా కనిపించే గీత ఉందేమో ప్రత్యేకంగా చూడమని కూడా అడగండి. ఉంటే అది డబ్ల్యూపీడబ్ల్యూ, గుండెలో పుట్టుకతో ఒక అదనపు తీగ ఉండటం. వాళ్లకు పై గదులు అదిరే ఏఎఫ్ వచ్చినప్పుడు వెరాపమిల్, డిగాక్సిన్ లాంటి మందులు ప్రమాదం తెస్తాయి. కాబట్టి ముందే తెలియడం అవసరం.

దడ ఆపడానికి ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటుంది, కానీ ఒకసారి డాక్టరు ముందు నేర్చుకున్నాకే చేయండి. సగం ఆనుకుని కూర్చుని, 10 ఎంఎల్ సిరంజి మూతిలోకి ప్లంజర్ కాస్త కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి. ఆ వెంటనే వెల్లకిలా పడుకోవాలి, పక్కవాళ్లు రెండు కాళ్లూ ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లాండులో చేసిన పరీక్షలో ఇలా కాళ్లెత్తితే నూటికి 43 మందికి ఆగింది, ఊరికే ఊదితే 17 మందికి. కళ్లు నొక్కుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. మీ విషయంలో నాదొక స్వార్థం ఉంది. మొదటిసారి మాత్రం ఈసీజీ తీశాకే ఊదండి.

ఇదంతా తీరిగ్గా చేసుకోగలిగేది ఒళ్లు తూలనంత వరకే. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, మీ రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నా నర్సింగ్‌హోమ్ లెక్కలు పెట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి, పెద్దాసుపత్రికి వెళ్లండి.

సుబ్బుగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ మీ నాన్నగారిది వేరే జబ్బు. వరస లేకుండా కొట్టుకునేది ఏఎఫ్. అందులో పై గది ముడుచుకోవడం మానేసి అదురుతూ ఉంటుంది, రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. అందుకే ఆయనకు రక్తం పలచన చేసే మందు. ఈ అమ్మాయికి దడ తప్ప వేరే సమస్య లేకపోతే ఆ మందుల అవసరమే రాదు. ఎకోస్ప్రిన్ ఊరికే వేసుకుంటే కడుపులో పుండ్లు తప్ప లాభం లేదు. పైగా మీ నాన్నగారికి గోంగూర పూర్తిగా మాన్పించడం కూడా అక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కే అసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది, నిజమే. అందుకే ఒక వారం అసలు మానేసి, మరో వారం రోజూ తినడం కాకుండా, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పొద్దు, ఎక్కువమందికి అది 2కీ 3కీ మధ్య ఉండాలి. ఒక ప్రశ్న, ఆయనకు కవాటం సన్నబడిందని ఎవరైనా చెప్పారా?

వైరా_సుబ్బు

అవునండీ, మైట్రల్ వాల్వ్ అన్నారు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చిందట. కొత్త మాత్రలు వచ్చాయి, వాటికి రక్తపరీక్షల గొడవ ఉండదు, మార్చుకోండి అని మా ఊరి మెడికల్ షాపతను చెబుతున్నాడు.

పాత_ఈసీజీ_గుంటూరు

మార్చొద్దు. కీళ్లజ్వరంతో మైట్రల్ కవాటం బాగా సన్నబడి ఏఎఫ్ ఉన్నవాళ్లకు ఇప్పటికీ వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి పాత మందులే. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనంలో ఇలాంటి రోగులకే కొత్త మాత్ర రివరోక్సబాన్ ఇచ్చి పోల్చారు. పాత మందు వాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. కవాటం జబ్బు లేని ఏఎఫ్‌లో కొత్త మాత్రలు మంచివే, మీ షాపతను ఆ మాట విని ఉంటాడు. మీ నాన్నగారి గురించి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపేస్తే ఈ అమ్మాయి భయపడుతుంది.

కుట్టుమిషన్_చీరాల

బాబాయి గారూ, చాలా థాంక్స్. మా వీధి చివర నర్సింగ్‌హోమ్ ఉంది, అక్కడి సిస్టర్ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. రేపే మాట్లాడతాను. ఒక సందేహం. మా తమ్ముడు వాచీ కొనిస్తానంటున్నాడు, అందులో ఈసీజీ వస్తుందట. పనికొస్తుందా?

పాత_ఈసీజీ_గుంటూరు

వెనక పచ్చ లైటు వెలిగే వాచీలన్నీ ఈసీజీ తీయవు, అవి పల్స్ మాత్రమే లెక్కపెడతాయి. ఈసీజీ ఉందని రాసి ఉన్న వాచీ అయితే రెండో చేతి వేలు దాని మీద 30 సెకన్లు ఆనించాలి, అప్పుడు ఒక లీడు వస్తుంది. ఏమీ లేనిదానికంటే అది చాలా నయం, పీడీఎఫ్ తీసి డాక్టరుకు చూపించొచ్చు. కానీ మీకు పక్కవీధిలో సిస్టర్ ఉండగా అంత డబ్బు ఎందుకు?

కుట్టుమిషన్_చీరాల

అందరికీ నమస్కారం. దొరికింది!

నిన్న మధ్యాహ్నం అన్నం తిని చాప చుట్టబోతే మొదలైంది. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. సిస్టర్ మాట నిలబెట్టుకుంది, చెప్పులు విప్పకముందే పడుకోబెట్టి వైర్లు పెట్టేసింది. కాగితం మీద 190 అని వచ్చింది. అక్కడి డాక్టరుగారు చూసి "ఎస్‌వీటీ" అన్నారు. మా ఆయన ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూశారో.

ఊదమన్నారు, ఊదాను, ఆగలేదు. కాళ్లెత్తారు, అయినా ఆగలేదు. అప్పుడు ఇంజెక్షన్ చేస్తామన్నారు. ఆయాసం జబ్బు ఉందా, టీ ఎప్పుడు తాగావు అని అడిగి, మోచేతి మడత దగ్గర సూది పెట్టి మందు, వెంటనే సెలైన్ తోశారు. బాబాయి గారూ, ఆ కొన్ని సెకన్లు మాత్రం ఇక అయిపోయానే అనుకున్నాను. ఛాతీ మీద బరువు, ముఖమంతా వేడి. అంతే, ఆగిపోయింది. గుంటూరులో గుండె లయలు చూసే డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఏవీఎన్ఆర్‌టీ లాగే ఉందన్నారు. రోజూ మాత్ర వాడొచ్చు, లేదా గుండెలోకి వైర్లు పంపి కరెంటు దారులు చూసే ఈపీ స్టడీ చేసి, ఆ తప్పు దారిని కాల్చే ఏబ్లేషన్ చేసేయొచ్చు, ఆలోచించుకుని రమ్మన్నారు. గుండెలో కాల్చడం అంటే భయంగా ఉంది. పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చని కూడా ఒక మాట అన్నారు.

కరీంనగర్_అక్క

చెల్లీ, నాకు ఇదే జబ్బు, ఏబ్లేషన్ అయింది, నేను హైదరాబాదులో చేయించుకున్నా. కాల్చడం అనే మాట వినే నేనూ ఏడాది వాయిదా వేశాను. కోత ఏమీ ఉండదు. గజ్జల దగ్గర మత్తు సూది వేసి, సిర గుండా సన్నటి వైర్లు గుండెలోకి పంపుతారు. నేను మెలకువగానే ఉన్నాను. విచిత్రం ఏమిటంటే, ముందు వాళ్లే దడ తెప్పిస్తారు. అదే దడ, అదే మెడలో కొట్టుకోవడం. "మీకు వచ్చేది ఇదేనా?" అని డాక్టరు అడిగితే నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చినయ్. టెన్షన్ అని మాత్రలిచ్చిన వాళ్లందరినీ పిలిచి ఆ స్క్రీన్ చూపించాలనిపించింది.

కాల్చినప్పుడు ఛాతీలో కొంచెం మంట అనిపించింది, భరించలేనంత కాదు. ఆ తర్వాత కాలు మడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవడమే అసలు కష్టం. నడుం పట్టేసింది. మర్నాడు పంపించారు. కొన్ని వారాల పాటు అప్పుడప్పుడు ఒక బీటు ఎగిరినట్టు అనిపించేది, ఇదిగో మళ్లీ మొదలైంది అనుకునేదాన్ని, మొదలయ్యేది కాదు. ఇప్పుడు మాత్రలు ఏమీ లేవు. వెళ్లేటప్పుడు మీ ఆయనతో పాటు ఇంకో ఆడమనిషిని తోడు తీసుకుపో, మంచం మీదే అన్నీ చేయాల్సి వస్తుంది.

పాత_ఈసీజీ_గుంటూరు

చాలా సంతోషం అమ్మా. ఆ సిస్టర్‌కు ఒక జాకెట్టు ఊరికే కుట్టిపెట్టండి.

మీకు వేసింది అడినోసిన్ అయి ఉంటుంది. అది రక్తంలో కొన్ని సెకన్లే ఉంటుంది, అందుకే అంత వేగంగా తోయాలి. మందు గుండెకు తగిలినప్పుడు గీత కాసేపు చదునుగా పోతుంది, కొత్త నర్సులు బెదిరిపోయేవాళ్లు. ఆ సమయంలో ఈసీజీ మిషను నడుస్తూనే ఉండాలి, ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. మీ నర్సింగ్‌హోమ్ వాళ్లు ఆ స్ట్రిప్పు తీసి ఉంటే అడిగి తెచ్చుకోండి, గుంటూరు డాక్టరుకు అది కూడా కావాలి.

పేస్‌మేకర్ మాట నిజమే, దాచకుండా చెప్పినందుకు ఆ డాక్టరును మెచ్చుకోవాలి. కాల్చే నిదానపు దారికి పక్కనే అసలు ఏవీ నోడ్ ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే పేస్‌మేకర్ అవసరం పడుతుంది. అనుభవం ఉన్నవాళ్ల చేతిలో అది నూటికి ఒకరి కంటే తక్కువ. పని పూర్తిగా నెరవేరేది నూటికి 95 మందికి పైగా. తిరిగి వచ్చేవాళ్లు కొద్దిమంది ఉంటారు, వాళ్లకు మళ్లీ చేస్తారు. మాత్రల దారి తప్పేమీ కాదు. నెలలకొకసారి వచ్చి ఊదితే ఆగేవాళ్లు అసలు మాత్ర కూడా వేసుకోకుండా ఉండొచ్చు. మీకు ఊదినా ఆగలేదు, గంటసేపు ఉంటోంది, ఇంకా చాలా ఏళ్లు మిషను తొక్కాలి. నా కూతురైతే చేయించమనే చెబుతాను.

డాక్టరును అడగాల్సినవి: ఇలాంటివి వాళ్లు తరచూ చేస్తారా, నెలకు ఎన్ని చేస్తారు? వేడితో చేస్తారా, చల్లబరిచే పద్ధతి కూడా ఉందా? ఈలోపు దడకు మాత్ర ఏదైనా రాస్తే దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలి? ఆపకపోతే టేబుల్ మీద దడ తెప్పించడం కష్టమవుతుంది, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందే చెప్పండి, ఎక్స్‌రే వాడతారు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, మీ కార్డు మీద ఈపీ స్టడీ, ఏబ్లేషన్ ఆ ఆసుపత్రికి వర్తిస్తాయో లేదో వాళ్లు చూసి చెబుతారు. నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల కూడా కనుక్కోండి, తేదీకి ఆగాల్సి రావచ్చు.

ఆ రెండు ఈసీజీలూ జిరాక్స్ తీయించారా?

కుట్టుమిషన్_చీరాల

మా ఆయన ఒక్కోటి ఐదు జిరాక్సులు తీయించారు బాబాయి గారూ. సోమవారం గుంటూరు వెళ్తున్నాం, మా ఆడపడుచు తోడు వస్తానంది.